నడవలో ఆనించిన తలుపు

ఉతికిన బట్టల బుట్ట నడుముకు ఆనించుకుని నడవలోంచి వెళ్ళిన ప్రతిసారీ ఆ తలుపు అంచు ఎడ్నా మోచేతికి కొట్టుకుంటూనే ఉంది. మొగుడు సిరిల్ దాన్ని సంతలో బేరమాడి కొని, ఇద్దరు స్నేహితులతో మోయించుకొచ్చి గోడకు ఆనించిపెట్టాడు. బరువైన చెక్క తలుపు. పైన విసనకర్రలా విచ్చుకున్న అద్దం, మధ్యలో సింహం తల, ఆ సింహం నోట్లో తలుపు తట్టడానికి ఇత్తడి కడియం. రాథరమ్ ఊళ్ళో ఆ వీధి ఇళ్ళన్నీ ఊరి కౌన్సిల్ కట్టించి అద్దెకిచ్చినవి, తలుపులన్నిటికీ ఒకటే ఆకుపచ్చ రంగు. అద్దెకున్నవాళ్ళు ఇల్లు కొనుక్కోవచ్చని కొత్త చట్టం వచ్చాక, కొన్నవాళ్ళు మొట్టమొదట మార్చేది తలుపే. ఎదురింటి బెరిల్ వాళ్ళు కొన్నారని వీధికి తెలిసింది కూడా వాళ్ళ గుమ్మానికి ఎర్ర తలుపు వచ్చాకే. సిరిల్ మాత్రం ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఇల్లు కొనకముందే తలుపు కొన్నాడు. సింహం మీద దుమ్ము తుడవడం ఎడ్నా పనుల్లో చేరిపోయింది. చెయ్యమని ఎవరూ చెప్పలేదు. ఇంటి పనులు అలాగే చేరతాయి, చెప్పకుండా వస్తాయి, మళ్ళీ పోవు.

ఆ శనివారం పొద్దున అప్పిచ్చే సంస్థ మనిషి రావాల్సి ఉంది. సిరిల్ తెల్ల చొక్కా వేసుకుని, గోడలకు అంటించగా మిగిలిన రంగుకాగితం వెనకవైపు తాను గీసిన ఇంటి బొమ్మను బల్లమీద పరిచి, నాలుగు మూలలా నాలుగు కప్పులు బరువు పెట్టాడు.

"వచ్చినాయనకి మంచి కప్పుల్లో టీ ఇయ్యి. నువ్వేం మాట్లాడక్కర్లేదు. సంతకం పెట్టమన్నచోట పెట్టు, చాలు" అన్నాడు.

"మంచి కప్పులు నువ్వు బొమ్మమీద పెట్టుకున్నావు" అంది ఎడ్నా.

ఇల్లొక్కటే కొంటే ఏం లాభం అన్నది సిరిల్ వాదన. ఎలాగూ అప్పు చేస్తున్నాం కదా, పనిలో పనిగా ఇంకొంత ఎక్కువ తీసుకుంటే వాకిట్లో స్తంభాల వరండా వస్తుంది, ముందుగోడకు రాతిపలకలు వస్తాయి, పెద్ద కిటికీ వస్తుంది. "బెరిల్ మొగుడు ముక్కున వేలేసుకోవాలి, పిల్లా" అనేవాడు. ఆ ఎక్కువ ఎక్కణ్ణించి కడతామని ఆమె అడగలేదు. అడక్కుండానే గురువారం భోజనాల దగ్గర తెలిసింది. మాంసం ముక్క కోసుకుంటూ అతను, "నీ సంగతి మాట్లాడి వచ్చాను. మా ఫ్యాక్టరీ ఆఫీసులు సాయంత్రాలు తుడవడానికి మనిషి కావాలంట. వచ్చే నెల నుంచి నువ్వొస్తావని చెప్పేశా. వరండా వాయిదాలు దాంతో గడిచిపోతాయి" అన్నాడు. ఎడ్నా పులుసు గిన్నె అతని వైపు జరిపింది. పొద్దున్నించి బడి వంటింట్లో పిల్లలకు బంగాళదుంపలు ఉడకేసి, పెద్ద పెద్ద గిన్నెలు తోమి, ఇంటికొచ్చి ఇద్దరికి వండి, అత్తగారికి ఓ పళ్ళెం మూతపెట్టి పట్టుకెళ్ళి ఇచ్చే మనిషికి సాయంత్రం అనేది ఒకటి మిగిలి ఉందని సిరిల్ ఎలా కనిపెట్టాడో ఆమెకు అర్థం కాలేదు. నా సంగతి నాతో తప్ప అందరితోనూ మాట్లాడాడు అనుకుంది. ఆ మాట రెండు రోజులుగా గొంతులో చేపముల్లులా ఉంది.

బొమ్మలో ఇంకోటి కూడా ఉంది. మేడమీద చిన్నగది గోడ మీద పెన్సిల్‌తో అడ్డంగా గీత కొట్టి ఉంది. "అది గదేంటి, పిచ్చుకగూడు. ఆ గోడ పడగొడితే మన గది ఇంతవుతుంది" అని చేతులు బార్లా చాపి చూపించాడు. అది ఎడ్నా వాళ్ళమ్మ గది. అమ్మకు పక్షవాతం వచ్చినప్పుడు ఎడ్నా ఇంకా పెళ్ళికాని పిల్ల. ఆ గదిలోనే నోట్లో చెంచాతో జావ పోసింది, దుప్పట్లు మార్చింది, వీపుకు పుళ్ళు పడకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టింది. ఆమె పోయాక ఇంటి అద్దె ఎడ్నా పేరుకు మారింది. ఆ తర్వాతే సిరిల్ పెళ్ళి చేసుకుని ఒక పెట్టెతో ఈ ఇంటికి వచ్చాడు. ఇప్పుడు ఆ గదిలో కుట్టుమిషను, ఒక కుర్చీ ఉన్నాయి. గిన్నెలు కడిగాక ఆమె కాసేపు అక్కడ కూర్చుంటుంది. "ఒక్కదానివీ అక్కడ ఏం చేస్తావమ్మాయ్? మొగుడుండగా ఆడదానికి వేరే గదెందుకు?" అని అత్తగారు నెల్లీ ఒకసారి అడిగింది. ఏమీ చెయ్యదు. ఏమీ చెయ్యక్కర్లేకపోవడమే ఆ గదిలో ఉన్న సుఖం. అదైనా పూర్తిగా దక్కదు. సిరిల్ తలుపు తోసుకుని వస్తాడు, నా మేజోళ్ళేవి అంటాడు, పాలు అయిపోయాయి అంటాడు, తలుపు తెరిచే వదిలేసి వెళ్ళిపోతాడు.

అప్పు మనిషి పేరు పికర్స్‌గిల్. తడిసిన గొడుగు ఎక్కడ పెట్టాలో తెలియక నడవలో సింహం తలుపుకే తగిలించాడు. అప్పటికే నెల్లీ టోపీ పెట్టుకుని వచ్చి మెత్తటి కుర్చీలో కూర్చుని ఉంది.

"శ్రీమతి బూత్రాయిడ్ ఎవరండీ?" అన్నాడు సంచీ తెరుస్తూ.

"ఇద్దరం ఉన్నాం నాయనా, ఏరుకో" అంది నెల్లీ.

"ఎడ్నా బూత్రాయిడ్. అద్దెదారు."

కాగితాలు అందుకోవడానికి సిరిల్ చాచిన చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. పికర్స్‌గిల్ కుర్చీ ఎడ్నా వైపు తిప్పుకున్నాడు. "మీకు కౌన్సిల్ ధరలో సగం తగ్గించిందమ్మా. ఇది మామూలు విషయం కాదు. మీరు చిన్నప్పట్నించి ఇక్కడే ఉన్నారు కదా, మీ అమ్మగారితో ఉన్న ఏళ్ళు కూడా కలిపారు. కొనే హక్కు మీది. మీవారి పేరు కూడా చేర్చమంటారా?"

"అదేం ప్రశ్నయ్యా, చేర్చు" అన్నాడు సిరిల్.

"ఆవిడ చెప్పాలండీ."

ఇందులో ఎవరికీ తెలియనిది ఏదీ లేదు. అద్దె రసీదుల మీద మొదటినించీ ఉన్నది ఆమె పేరే. అందరికీ తెలుసు, ఎవరికీ గుర్తు లేదు. ఎడ్నాకు మాత్రం ఒక్క ముక్కే చెవిలో మోగుతోంది: మీ అమ్మగారితో ఉన్న ఏళ్ళు. పెళ్ళైన కొత్తలో నెల్లీ పదిమందిలో, "అంత వయసొచ్చేదాకా ఏం చేసింది, అమ్మ మంచం పక్కన ఊరికే కూర్చుంది" అని నవ్వింది. ఆ ఊరికే కూర్చున్న ఏళ్ళకే ఇవాళ సగం ఇల్లు వచ్చింది. వీళ్ళు ఆ సగాన్ని రాతిపలకలు చేసి గోడకు అతికించాలని చూస్తున్నారు.

"ఇంటికి మార్పులు చేయించుకోవడానికి అదనంగా ఏమైనా కావాలా?" అడిగాడు పికర్స్‌గిల్. సిరిల్ బొమ్మ అతని ముందుకు తోశాడు. అతను చూసి తలూపాడు. "ఇస్తారు. కానీ మొత్తం అప్పుకు ఇల్లే పూచీ. వాయిదాలు తప్పితే వరండాతో పాటు ఇల్లూ పోతుంది."

"తప్పవు. ఈవిడ సాయంత్రాలు కూడా పని చెయ్యబోతోంది."

"ఏం పనమ్మా?" అంటూ పెన్ను తీశాడు.

"ఆ పని నేను ఒప్పుకోలేదు బాబూ" అంది ఎడ్నా.

నెల్లీ కప్పు సాసర్లో టక్కుమంది. సిరిల్ మెడ ఎర్రబడింది. "ఎడ్నా, వంటింట్లోకి రా ఒకసారి."

"ఇక్కడే చెప్పు."

"నలుగురిలో పరువు తీస్తావా? ఇన్నేళ్ళు అద్దె కట్టింది ఎవరు?"

"ఇల్లరికం వచ్చినందుకు మావాడికి తగిన శాస్తి" అంది నెల్లీ, టోపీ సర్దుకుంటూ.

ఎడ్నా చేతులు ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళు వేళ్ళల్లో దూర్చి బిగించింది. గొంతు మాత్రం ఆమెకే వింతగా మామూలుగా వచ్చింది. "అద్దె నువ్వే కట్టావు, కాదనను. అందుకే నీ పేరు చేర్చమంటున్నాను. బాబూ, ఇంటికి సరిపడా రాయండి. దానిమీద ఒక్క పైసా వద్దు. దానికి ఈయన సరేనంటే ఇద్దరి పేర్లూ పెట్టండి. కాదంటే నాదొక్కటే పెట్టండి."

"నీ బడి వంటింటి జీతానికి అప్పెవడిస్తాడే?"

పికర్స్‌గిల్ టీలోకి చూస్తూ, "ఒట్టి ఇంటివరకైతే వస్తుందండీ. ఇంకొన్నేళ్ళు ఎక్కువ కట్టుకోవాలి, అంతే" అన్నాడు.

నెల్లీ కొడుకు ముఖం చూసింది, కొడుకు బొమ్మలోని స్తంభాలు చూశాడు. చివరికి అతను ఒక్కొక్క కప్పూ ఎత్తాడు. కాగితం దానంతటదే చుట్ట చుట్టుకుపోయింది.

"సరే. ఇద్దరివీ పెట్టు" అన్నాడు, ఎటో చూస్తూ. కాసేపాగి, దెబ్బ తగిలిన పిల్లాడిలా అడిగాడు. "వరండా లేకుండా ఆ తలుపు ఏం బాగుంటుంది? దాన్నేం చేసుకోను?"

"చిన్నగదికి పెట్టు. గుమ్మం కాస్త వెడల్పు చెయ్యాలి. ఆదివారాలు చేసుకుంటే అయిపోతుంది, దానికి అప్పక్కర్లేదు."

"మేడమీద గదికి సింహం తలుపా? అక్కడికొచ్చి ఆ కడియం తట్టేదెవరే?"

"నువ్వు" అంది ఎడ్నా, సంతకానికి పెన్ను అందుకుంటూ.