యాభై అయిదు నిమిషాల న్యాయం

మెదక్ పట్టణంలో పశువుల దొంగల గురించి జయానందం మాస్టారికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. పుట్టి బుద్ధెరిగాక ఆయన ఒక్క బర్రెను తోలలేదు, ఒక్క దొంగను చూడలేదు. అది వేరే సంగతి. మిషన్ బడిలో ముప్పై ఏళ్లు డ్రాయింగ్ నేర్పి రిటైరై, చర్చి వెనక వీధిలో స్థిరపడ్డ మనిషి. రోజూ మధ్యాహ్నం అన్నం తినగానే ఫోనును పప్పు డబ్బాకు ఆనించి, పాత కౌబాయ్ సినిమా పెట్టుకుని కూర్చుంటాడు.

సినిమా అంటే గొప్ప సినిమా అనుకునేరు. చవకరకం. డబ్బుల్లేక అయిదు గుర్రాలనే అటు తిప్పి ఇటు తిప్పి యాభై చేసిన రకం. దొంగలు పారిపోతుంటే ఒకే బండరాయి ఏడుసార్లు వెనక్కి పోతుంది. కొట్లాటలో మూతిపళ్లు రాలినా హీరో టోపీ మాత్రం రాలదు. ఆయన భార్య ఎలిశిబా ఒకసారి తొంగిచూసి, "గీ గుట్ట నిన్నటి సిన్మాల గూడ ఉండె గద. గుట్టకు గూడ నెల జీతమిస్తున్నరా?" అని అడిగింది. మిషన్ దవాఖానాలో నర్సుగా చేసి చేసి, ఎవరి గొప్పలూ ఆమె కంటికి ఆనవు.

మాస్టారు నొచ్చుకోలేదు. ఆయనకు నచ్చేది గుట్టలూ గుర్రాలూ కాదు. పశువులు పోయిన మొదటి నిమిషం నుంచి దొంగ దొరికే చివరి నిమిషం దాకా మొత్తం కథ యాభై అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. ఆయన ప్రహరీ గోడ మీద పక్కింటివాడు వేసిన కేసు పదకొండేళ్లుగా నడుస్తోంది. పైగా ఆ సినిమాలన్నిటికీ ఒకటే సూత్రం: దొంగలను పట్టాలని ఊళ్లో అందరికంటే గట్టిగా అరిచే పెద్దమనిషే దొంగల నాయకుడు. ఇక పశువుల ఒంటి మీది వాతను మార్చే ఘట్టం వస్తే మాస్టారికి ఒళ్లు పులకరిస్తుంది. పాత వాతకు ఒక గీత కలిపితే చాలు, అది కొత్త యజమాని ముద్ర అయిపోతుంది. హీరో వేలితో తడిమి పాత మచ్చను బయటపెడతాడు. "డ్రాయింగ్ తెలిసినోడు కండ్లు మూసుకొని పట్టేస్తడు," అంటూ ఇంటికొచ్చిన వాళ్లందరికీ మాస్టారు కాగితం మీద గీసి మరీ చూపించేవాడు.

అలాంటి మనిషి గుమ్మంలోకి ఒక పొద్దున ఐలవ్వ పాల క్యాను లేకుండా వచ్చింది. ఆ వీధికి పాలు పోసేది ఆమే. ఆమెకున్నది ఒక్క బర్రె.

"నా బర్రె వోయింది సారూ. పొద్దుగాల లేసి జూస్తే గుంజకు తాడు ముక్కే ఉన్నది," అని అరుగు మీద కూలబడింది.

చెప్పుకోవడానికి సిగ్గుచేటే గానీ, మాస్టారికి సంతోషం వేసింది. "గిట్టల జాడ జూసినవా?" అని గంభీరంగా అడిగాడు.

"గిట్టలేంది సారూ, ట్రాలీ ఆటోల ఎక్కించుకపోయిండ్రు. టైరు జాడ సడక్ ఎక్కినంక ఏడ దొర్కుతది?"

మాస్టారికి కాస్త నిరుత్సాహమైంది. సినిమాల్లో ట్రాలీ ఆటోలు లేవు.

వారం తిరక్కుండా మల్లేశం రంగంలోకి దిగాడు. భూములున్న కుటుంబం, నిజాంపేట రోడ్డులో డెయిరీ, వచ్చే ఎన్నికల టికెట్టు మీద కన్ను. పశువుల దొంగలను ఉరి తీయాలని చౌరస్తాలో మైకు పగిలేలా అరిచి, ఒక పశు సంరక్షణ కమిటీ పెట్టాడు. చదువుకున్నవాళ్లు ఉండాలని మాస్టారిని సభ్యుణ్ని చేసి, శాలువా కప్పి, జేబుకు బ్యాడ్జి తగిలించాడు.

"అందరికన్న గట్టిగ ఒర్లెటోడే దొంగ. రాసిపెట్టుకో," అని మాస్టారు ఇంటికొచ్చి భార్య చెవిలో చెప్పాడు.

"మరి వాని బ్యాడ్జి ఎందుకు పెట్టుకొచ్చిండ్రు?"

"లోపలుండి కనిపెట్టెతందుకు."

ఎలిశిబా బ్యాడ్జి వైపు చూసి, కూర తరుక్కుంది.

బర్రె పోయిన పదో రోజున ఐలవ్వ కూలికి పోయింది. పేడ తీయడానికి మల్లేశం కొట్టంలో అడుగుపెడితే, మూలన కట్టేసిన బర్రె ఆమెను చూసి అరిచింది. ఐలవ్వ అక్కడే బైఠాయించి, నా బర్రె నాకిస్తే గానీ లేవనంది. మల్లేశం తొణకలేదు. కమిటీని కొట్టానికే పిలిపించాడు.

"న్యాయం అందరి ముంగట్నే కావాలె. గీ బర్రెను నేను అంగట్ల కొన్న. జయానందం సార్ పెద్దమనిషి. జర జూసి చెప్పుండ్రి సార్."

పశువుల దవాఖాన వాళ్లు ప్రతి బర్రె చెవికీ ఒక పసుపు బిళ్ల వేసి, దాని నంబరు చీటీ యజమానికిస్తారు. ఐలవ్వ కొంగుముడి విప్పి తన చీటీ ఇచ్చింది. మాస్టారు కళ్లద్దాలు సర్దుకుని బర్రె చెవి పట్టుకున్నాడు. బిళ్ల మీద నంబరు వేరు. కానీ బిళ్ల నిగనిగలాడుతోంది, నిన్నో మొన్నో వేసినట్టుంది. దాని పక్కనే, పాత బిళ్లను పీకిన చోట, చెవి చీలి పుండు ఎండి ఉంది. మాస్టారి వేలు సరిగ్గా ఆ పుండు మీద ఆగింది.

నలభై ఏళ్లుగా ఎదురుచూసిన ఘట్టం! మూడు వందల సినిమాల్లో హీరో సరిగ్గా ఇక్కడే తలెత్తి పెద్దమనిషి కళ్లలోకి చూస్తాడు. మాస్టారూ తలెత్తాడు. మల్లేశం వెనక నలుగురు బలిసిన మనుషులు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. సినిమాల్లో ఇలాంటి వాళ్లు ఒక్క గుద్దుకే పడిపోతారు. వీళ్లు పడేటట్టు లేరు.

"నంబరు కలుస్తలేదు," అన్నాడు మాస్టారు.

ఐలవ్వ ఆయన ముఖంలోకి ఒకసారి చూసింది. ఒక బకెట్టు తెచ్చుకుని బర్రె పక్కన కూర్చుంది. పది రోజులుగా ఆ బర్రె జీతగాడి చేతికి సరిగ్గా పాలు చేపనే లేదట, చెయ్యి వేస్తే తన్నిందట. ఐలవ్వ చెయ్యి తగలగానే పొదుగు నిండా పాలు దిగాయి. బకెట్టులో పడే ధార చప్పుడు కొట్టమంతా వినిపించింది.

"బర్రెకేం ఎర్క? నంబరే సాక్ష్యం," అని మల్లేశం నవ్వి, మాస్టారికి కాగితం అందించాడు. "గీ బర్రె ఐలవ్వది కాదని రాసియ్యుండ్రి సార్."

మాస్టారు రాశాడు. డ్రాయింగ్ మాస్టారి దస్తూరి కదా, ముత్యాల్లా వచ్చింది. సంతకం ఇంకా బాగా వచ్చింది.

ఐలవ్వ బకెట్టు పక్కన పెట్టి, గుంజకున్న తాడు విప్పింది. "నా బర్రెను నేను తోల్కపోతున్న. ఆపెటోడు ఆపుండ్రి."

ఆ నలుగురు కదలబోతే మల్లేశమే చెయ్యి అడ్డం పెట్టాడు. గేటు బయట చేరిన జనం ఫోన్లు పైకెత్తి పట్టుకుని ఉన్నారు. అంతమంది ఓటర్ల ముందు ఆడమనిషి మీద చెయ్యి వేయించేంత తెలివితక్కువవాడు కాదతను. కాగితం ఎలాగూ చేతికొచ్చింది.

మర్నాడు ఆ కాగితం పోలీసు స్టేషనుకు చేరింది. పట్టపగలు బర్రెను దొంగిలించిందని ఐలవ్వ మీద ఫిర్యాదు. ఆ నెల మెదక్‌లో దొరికిన ఏకైక పశువుల దొంగ ఐలవ్వ. పట్టించింది మాస్టారు.

స్టేషనుకు రమ్మని కబురొస్తే ఆయనకు అన్నం సయించలేదు. "మీ సిన్మాలల్ల గిట్ల సంతకం పెట్టెటోడు గూడ ఉంటడా?" అని ఎలిశిబా అడిగింది.

మాస్టారు ఆలోచించాడు. ఉంటాడు. జనం మధ్యలో టోపీ చేతిలో పట్టుకుని నేల చూపులు చూస్తుంటాడు. వాడికి పేరు కూడా ఉండదు. ఇన్నేళ్లలో వాడి ముఖం ఎలా ఉంటుందో ఆయన ఎప్పుడూ చూడలేదు. బ్యాడ్జి తీసి పప్పు డబ్బా పక్కన పెట్టి బయల్దేరాడు.

"సంతకం మీదేనా సార్?" అన్నాడు ఎస్సై.

"నాదే. చెవికి పుండు గూడ నేనే జూసిన. గది రాయలే," అన్నాడు మాస్టారు. కాగితం అడిగి చెవి బొమ్మ గీశాడు: కొత్త బిళ్ల ఇక్కడ, పాతది చీల్చిన చోటు ఇక్కడ. పశువుల డాక్టరు ఐలవ్వ ఇంటికెళ్లి బర్రెను చూసి, బొమ్మ నిజమేనన్నాడు. రాతకోతలన్నీ అయ్యేసరికి సాయంత్రమైంది. ఐలవ్వ మీది ఫిర్యాదు పక్కన పెట్టారు. మల్లేశం సంగతి విచారిస్తామన్నారు. ఎన్నేళ్లు పడుతుందో మాస్టారు అడగలేదు.

అయినా ఇంటికి నడుస్తుంటే ఛాతీ మళ్లీ పొంగింది. మర్నాడు పొద్దున ఐలవ్వ క్యాను చప్పుడు వినగానే గిన్నె పట్టుకుని తనే ఎదురెళ్లాడు. ఆమె పాలు పోసింది. మాస్టారు ఇక ఉండబట్టలేక, "స్టేషన్ల అంతా చెప్పేసిన ఐలవ్వా. ఎవ్వనికి భయపడలే," అన్నాడు.

"విన్న సారూ," అంది ఐలవ్వ. క్యాను మూత బిగించింది. "ఆ దినం కొట్టంల మీ ఏలు గా పుండు మీద ఆగింది నేను జూసిన. గప్పుడే చెప్తరనుకున్న."

క్యాను ఎత్తుకుని పక్కింటికి పాలు పోయడానికి వెళ్లిపోయింది.