రెండో చెక్క

"ఒక్క చెక్క చాలా వదినా, రెండు కలిపి కొట్టాల్నా?"

మరిది శ్రీరంగం టీ పెట్టెలు విప్పి, ప్లైవుడ్ పలకలు వాకిట్లో పరిచాడు. తన భార్య సుశీలమ్మ పుస్తకాలకు గోడకు అర కొడతానన్నాడు. కోంటాలో వాళ్ల దుకాణం సరుకంతా కొట్టుగదిలో ఎత్తిపెట్టేది వదిన వరమ్మే కనుక, ఏ చెక్క ఎంత మోస్తుందో ఆమెను అడిగాడు.

వరమ్మ పప్పు చెరుగుతూనే చెప్పింది. "ఒక్కటి చాలు. కాగితాలకు బరువేముంటది?"

బరువు ఆమెకు తెలుసు. సుశీలమ్మ కాపురానికి వచ్చిన నాడు శబరి నది రేవులో ఆ పుస్తకాల ట్రంకుపెట్టెకు ఒక కొస పట్టి గట్టెక్కించింది తనే. భుజానికి ఉప్పు కాపడం పెట్టుకుంది కూడా.

సుశీలమ్మ రాజమండ్రిలో హిందీ పరీక్షలు ప్యాసైంది. సంస్థానం తహసీలు కచేరీకి దుకాణం తరఫున పెట్టే హిందీ అర్జీలు ఆమే రాస్తోంది. అప్పటినుంచి ఇంట్లో మాటలు మారాయి. "సుశీల చదువుకుంటోంది, ఆ అంట్లు నువ్వు చూడు" అని వరమ్మ భర్త రామనాథం. "దాని చేతులు కలం పట్టేవి వరమ్మా" అని అత్తగారు. వరమ్మ చేతులు ఏం పట్టేవో ఎవరూ అనలేదు. ఆమె కూడా మూడో తరగతి దాకా చదివింది. కాపురానికి వచ్చేటప్పుడు ఒక కథల పుస్తకం తెచ్చుకుంది. పొట్లాలకు కాగితం తక్కువైందని అత్తగారు దాన్ని దుకాణానికి పంపారు. ఒకనాడు వంటకని జీలకర్ర పొట్లం విప్పితే, తను చదవకుండా మిగిలిన పేజీ అందులో ఉంది. "దానికి ఏడుపేంది? పొట్లమే గదా" అన్నాడు రామనాథం.

శ్రీరంగం అర కొట్టాడు. దాని కింద ఊడ్చేటప్పుడల్లా వరమ్మ తలెత్తి చూసేది. చెక్క నడుమ దిగుతోంది. వానలు పడ్డాక ఇంకా దిగింది. అది కూలే చప్పుడు వినాలని ఉంది ఆమెకు.

ఒక మధ్యాహ్నం చూస్తే సుశీలమ్మ పుస్తకాలు దించి నేల మీద పేరుస్తోంది.

"కూలిపోయేలా ఉందక్కా."

"మరి ఎక్కడ పెడతవ్?"

"సగం దుకాణానికి ఇచ్చెయ్యమన్నారు అత్తయ్యగారు. అర్జీలు రాయడానికి ఇన్నెందుకన్నారు." సుశీలమ్మ తల ఎత్తలేదు. "పొట్లాలకట."

పైనున్న పుస్తకంలో, చదువు ఆగిన చోట, ఒక పేజీ మూల మడిచి ఉంది. వరమ్మ ఆ మడత చూసింది. కొట్టుగదిలోకి వెళ్లింది. ఊరగాయ జాడీల మీద మూతలుగా వేసిన పలకలు తీసుకొచ్చి మరిది ముందు పడేసింది.

"శ్రీరంగం, మేకులు తే. రెండు కలిపి కొట్టు."

"ఒక్కటి చాలంటివి గదా వదినా?"

"అబద్ధం చెప్పిన."

సుశీలమ్మ ఆమె వంక చూసింది. వరమ్మ చూపు తిప్పుకోలేదు.

"ఒక్క పుస్తకం గూడ దుకాణానికి పోదు. కింద ఇంకో అర కొట్టు. అది నాది."

గడపలో నిలబడ్డ రామనాథం నవ్వాడు. "నీకు అరేంది? ఏం పెడతవ్ దాని మీద?"

"ఏం పెట్టను. మీరూ పెట్టొద్దు."

మర్నాడు పొద్దున అత్తగారు ఆ అర మీద ఆవకాయ జాడీ పెట్టి వెళ్లారు. వరమ్మ జాడీ దించి నేల మీద పెట్టింది. చెంగుతో చెక్క తుడిచింది. తర్వాత పొయ్యి ముట్టించడానికి వెళ్లింది.