అతుక్కుపోయిన పేజీలు

ఆ బైండింగు షాపులో ఆమెను అందరూ దారం వదిన అంటారు. అచ్చయి వచ్చిన కాగితాలను మడిచి ఫారాలు చేసి, వరసగా పేర్చి, దారంతో కుట్టడం ఆమె పని. ఇరవై రెండేళ్ళలో ఆమె కుట్టిన పుస్తకంలో పేజీలు తారుమారయ్యాయని ఎవరూ అనలేదు. అటువంటి మనిషి ఆ రోజు నాలుగో ఫారానికి ముందు ఐదో ఫారం పెట్టి మూడు వందల బడి పుస్తకాలు కుట్టేసింది.

కటింగు మిషను దగ్గరున్న ఆమె భర్త ముందుగా అది చూశాడు. అతన్ని అక్కడ మేస్త్రి అంటారు. నలుగురిలో అతనికి తల కొట్టేసినట్టయింది.

"ఏమైంది నీకు? అంకెలు కూడా కనపడటం లేదా?"

"కనపడుతున్నాయండీ. చూడబుద్ధి కావటం లేదు."

"వదినకి ఈమధ్య తీరిక ఎక్కువైంది," అన్నారెవరో. అందరూ నవ్వారు.

ఆ తీరిక సంగతి చెప్పాలి. మేస్త్రి తండ్రి మూడేళ్ళు మంచం పట్టాడు. షాపులో కుట్టుపని, ఇంట్లో ఆ పెద్దాయన్ను లేపడం, కడగడం, తినిపించడం అన్నీ ఆమే చేసింది. ఎనిమిది నెలల క్రితం ఆయన పోయాడు. "బరువు దిగింది, ఇక హాయిగా ఉండమ్మా" అన్నారు చుట్టాలు. ఆమె హాయిగా లేదు. తల దువ్వుకోవడం మానేసింది. ఎదురుగా ఉన్న టీ చల్లారిపోయినా తాగేది కాదు. ఒంట్లో వేడిగా ఉంటే మనం వెంటనే జ్వరం చూస్తాం. మనిషి నవ్వడం మానేస్తే మాత్రం బద్ధకమనో పొగరనో పేరు పెట్టి చేతులు దులుపుకుంటాం. ఈ విషయంలో మీరూ నేనూ తక్కువేం తినలేదు.

పక్కింటావిడ పోరు పెట్టగా మేస్త్రి ఆమెను ఒకసారి ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరమ్మ మాత్రలు రాసిచ్చి, గుణం కనపడటానికి వారాలు పడుతుందని చెప్పింది. పదో రోజున మేస్త్రికి ఓపిక అయిపోయింది. "ఏ మార్పూ లేదు. ఇవి అలవాటైతే వదలవట. మనసు గట్టి చేసుకో, చాలు," అని మాత్రలు తీసి, ఇంట్లో అరిగిపోయిన బ్లేడ్లు దాచే సొరుగులో పడేశాడు. ఆమె ఎదురు చెప్పలేదు. ఎదురు చెప్పడానికీ ఓపిక కావాలి కదా.

పుస్తకాలు పాడైన ఆ సాయంత్రం ఆమె నెమ్మదిగా అంది: "తిట్టండి, ఫరవాలేదు. పడుకున్నదాన్ని మళ్ళీ లేవకుండా పోతే బాగుండుననిపిస్తోంది."

మేస్త్రి అప్పటికప్పుడే ఆమెను ఆస్పత్రికి తీసుకెళ్ళాడు.

డాక్టరమ్మ ముందు ఆమెతో ఒంటరిగా చాలాసేపు మాట్లాడింది. తర్వాత అతన్ని లోపలికి పిలిచింది.

"మా వంశంలో ఎవరికీ ఇలాంటిది లేదండీ. అయినా కష్టం గడిచిపోయింది కదా, ఇప్పుడెందుకు ఈ దిగులు?" అన్నాడతను.

"మీ పనేమిటి?"

"బైండింగు."

"అయితే మీకు తేలిగ్గా అర్థమవుతుంది. మన ప్రతి కణంలోనూ జన్యువులనే పుస్తకం ఒకటుంటుంది. ఏ కణం ఏ పేజీలు తెరిచి చదువుకుంటుందన్నదే తేడా. మెదడులో కొన్ని పేజీలు ఒత్తిడిని చల్లార్చడానికి పనికొస్తాయి. ఏళ్ళ తరబడి ఒత్తిడి ఉంటే అలాంటివి కొన్ని అతుక్కుపోవచ్చు. అక్షరాలు చెరగవు, చదవడమే ఆగిపోతుంది. కష్టం పోయినా ఆ జిగురు వెంటనే వదలదు. దీని గురించి మాకింకా తెలియనిది చాలా ఉంది. కానీ మందులతో, మాటలతో, విశ్రాంతితో చాలామంది కోలుకుంటున్నారు. సరే, తడిసి అతుక్కున్న పుస్తకం వస్తే మీరేం చేస్తారు?"

మేస్త్రి ముఖం కాస్త తేటపడింది. "మొన్ననే ఒక నిఘంటువు వచ్చిందండీ, నీళ్ళలో నాని. లాగితే చిరుగుతుంది. రోజూ కొన్ని పేజీల మధ్య తడి పీల్చే అద్దుడు కాగితం పెట్టి, మార్చుకుంటూ వచ్చాను."

"ఎన్నాళ్ళు పట్టింది?"

"నెల దాటింది."

"మరి ఈవిడకి ఎన్నాళ్ళిచ్చారు?"

మేస్త్రి తలెత్తలేదు. "పది రోజులు," అన్నాడు. భార్య వైపు చూడటానికి సిగ్గేసింది.

ఇంటికి రాగానే సొరుగు తెరిచి మాత్రలు తీశాడు. డాక్టరమ్మ చెప్పిన వేళకి నీళ్ళ గ్లాసుతో ఆమె పక్కన కూర్చున్నాడు. ఆమె మింగి, "ఇంతమాత్రానికే నవ్వమంటే నవ్వలేనండీ," అంది.

"నవ్వొద్దులే. నేనున్నాను."

మర్నాడు ఆమెను పక్కింటావిడకు అప్పగించి, షాపులో తనే కూర్చుని మూడు వందల పుస్తకాల దారం విప్పసాగాడు.

"వదిన తీరిక మీ ప్రాణం మీదకొచ్చిందే, మేస్త్రీ!" అన్నారెవరో మళ్ళీ.

మేస్త్రి కత్తెర కింద పెట్టాడు.

"అది తీరిక కాదు, బద్ధకమూ కాదు, జబ్బు. తడిసిన పుస్తకానికి నెల రోజులు ఓపిక పట్టాను. నాన్నని మూడేళ్ళు ఎత్తి దించిన మనిషికి పది రోజులు పట్టలేకపోయాను. ఆ తప్పు మీ ఇళ్ళలో మీరెవరూ చేయకండి."