నాలుగు రోజుల ఏడాది

యాకూబ్‌కు మనుషుల మీదా యంత్రాల మీదా ఒకే రకమైన అనుమానం. మేళ్లచెరువు దగ్గరి ఒక సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో పదకొండేళ్లుగా సున్నపురాయి పొడిని పరీక్షిస్తున్నాడు. ముల్లు అదిరితే తక్కెడను, అంకె తేడా వస్తే రాసినవాణ్ని అనుమానించడం ఆ పనిలో అబ్బిన గుణం.

1996 ఫిబ్రవరిలో ఆ అనుమానం భిక్షపతి మీద నిలిచింది. భిక్షపతిది రామన్నపేటలో నేతపని చేసే కుటుంబం. డిగ్రీ చదివి, ఏడాది కిందట ల్యాబులో చేరాడు. రోజూ పొద్దున అతను తీసే సున్నం శాతం ఒకరోజు బాగుంటుంది, తర్వాత తగ్గుతూ పోతుంది, మళ్లీ ఎగురుతుంది. గనిలో రాయేమో మారలేదు. పరీక్ష చేయకుండానే అంకెలు వేస్తున్నాడని యాకూబ్ తేల్చుకున్నాడు. నేరుగా అడగలేదు. అతని వెనక నిలబడి చూడటం, అతను కడిగిన గాజు సామాను మళ్లీ కడగడం మొదలుపెట్టాడు.

ఆ ఆదివారం యాకూబ్ భార్య తాహేరా ఒక పత్రిక తెచ్చి అతని ముందు పెట్టింది. ఆమె హైస్కూల్లో సైన్సు టీచరు.

“పిల్లలు అడుగుతున్నరు. మీరు జర చదివి చెప్పుండ్రి.”

పెగాసస్ అనే నక్షత్రరాశిలో, యాభై కాంతి సంవత్సరాల దూరంలో, మన సూర్యుడిలాంటి నక్షత్రం ఒకటి ఉందట. దాన్ని దాదాపు ఆనుకొని ఒక పెద్ద గ్రహం తిరుగుతోందట. గురుగ్రహంలో సగం బరువు. చుట్టు పూర్తి కావడానికి నాలుగు రోజులకు కాస్త ఎక్కువ పడుతుంది. అంటే అక్కడ ఏడాది నాలుగు రోజులే.

“చూసిన్రా దాన్ని?” అన్నాడు యాకూబ్.

“లేదు. అది గుంజుతుంటే నక్షత్రం జర ఊగుతదట. ఆ ఊపు కొలిచిన్రు.”

“ఊగింది నక్షత్రమో, వాళ్ల మిషనో? బయట లారీ పోయినా మా తక్కెడ ఊగుతది.”

“వేరే దేశమోళ్లు వేరే మిషన్‌తోని చూసినా గదే వచ్చిందట.”

“ముందుగాల జవాబు తెలిసినంక ఎవరికైనా గదే వస్తది.”

వ్యాసం కింద ఒక గ్రాఫు ఉంది. అల మీద వరసగా చుక్కలు. అది చూస్తే అతనికి ఇంకా అనుమానం పెరిగింది.

“ఏ అంకెలిచ్చినా గిట్ల అల గీయొచ్చు. నీకు చూపిస్త” అన్నాడు.

అందుకు ఒట్టి అబద్ధపు అంకెలు కావాలి. అవి ఎక్కడున్నాయో అతనికి తెలుసు. మర్నాడు భిక్షపతి రెండు నెలల అంకెలు రిజిస్టరులోంచి రాసుకొచ్చి, సాయంత్రం గ్రాఫు కాగితం ముందేసుకున్నాడు. ఆ గ్రహం లెక్కనే రోజుల్ని నాలుగేసి చొప్పున మడిచాడు. మొదటి రోజు, ఐదో రోజు, తొమ్మిదో రోజు ఒకే గీత మీద.

చుక్కలు చెల్లాచెదురుగా పడాలి. పడలేదు. మొదటి గీత మీదివన్నీ పైన ఉన్నాయి, రెండో దానివి కొంచెం కింద, మూడో దానివి ఇంకా కింద, నాలుగో దానివి అన్నిటికన్నా కింద. మూడేసి రోజులుగా మడిచి చూశాడు, చెదిరిపోయాయి. ఐదేసి రోజులుగానూ అంతే. నాలుగుకు వస్తే మళ్లీ కుదురుకున్నాయి.

తాహేరా కాగితం వైపు వంగి చూసింది. “కల్పించి రాసేటోడు గింత పద్ధతిగ రాస్తడా?”

యాకూబ్ ల్యాబు పనులన్నీ ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నాడు.

ల్యాబులో నాలుగు రోజులకోసారి జరిగే పని ఒక్కటే. పరీక్షలో వాడే సోడా ద్రావణాన్ని పెద్ద సీసాలో కొత్తగా కలపడం. ఎవర్నీ నమ్మక ఆ పని యాకూబే చేస్తాడు. కలిపిన రోజే దాని బలం సరిచూస్తాడు, తర్వాత చూడడు. మర్నాడు సీసా దించి చూస్తే మూత అంచున సన్నటి పగులు. గాలి తగిలి సోడా రోజురోజుకూ బలం తగ్గుతోంది, దానితోపాటే సున్నం శాతమూ తగ్గి కనిపిస్తోంది. ఒకే పొడిని పాత ద్రావణంతోనూ కొత్తదానితోనూ పరీక్షించాడు. నమ్మకం కుదరక మూడుసార్లు చేశాడు. మూడుసార్లూ అదే తేడా.

భిక్షపతిని పిలిచి సీసా చూపించాడు. “తప్పు నాది. నువ్వు దొంగ లెక్కలు రాస్తున్నవనుకున్న.”

“తెలుసు సార్. నేను కడిగినయి మళ్ల కడుగుతుంటిరి గద.”

“మరి నన్ను అడగకపోతివి?”

“మీరు నన్ను అడిగిన్రా?”

భిక్షపతి రెండు రోజుల ముందే ప్యాకింగు సెక్షనుకు మార్చమని దరఖాస్తు పెట్టుకున్నాడు. వెనక్కి తీసుకొమ్మని యాకూబ్ బతిమాలాడు.

“ఆడ దుమ్ముంటది సార్, గానీ ఎనకాల ఎవరూ నిలబడరు.”

జరిగిందంతా యాకూబ్ రిజిస్టరులో రాసి, కింద సంతకం పెట్టాడు. ఆ సాయంత్రం తాహేరా అడిగింది. “పిల్లలకు ఏం చెప్పమంటరు? ఆ గ్రహం ఉన్నదా, లేదా?”

“ఉన్నదనే చెప్పు. ఇంకా కొలుస్తనే ఉన్నరని గూడ చెప్పు.”

మార్చి ఒకటిన భిక్షపతి ప్యాకింగుకు మారాడు. గేటు దగ్గర ఎదురైతే నమస్తే పెడతాడు. ఆగి మాట్లాడడు.