మూడు మీటర్ల ఎడం

నేను నంద్యాలలో ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్ని. ముందు బండి బ్రేకేస్తే వెనక బండి గుద్దకుండా ఉండాలంటే మధ్యలో ఎంత ఎడం కావాలో లెక్క కట్టడం నా పరిశోధన. తమ్ముడు యెషయా శిరివెళ్ల, ఆళ్లగడ్డల మధ్య షేర్ ఆటో తోలుతాడు. మా ఇంట్లో చదువు నాకొచ్చింది, బండి వాడికొచ్చింది.

లెక్క కోసం వాడి ఆటో ముందు సెన్సారు బిగించాను. ముందున్న బండికి ఎన్ని మీటర్ల దూరంలో పోతున్నాడో అప్పటికప్పుడు నా ల్యాప్‌టాప్‌లో కనబడుతుంది. మొదటిరోజే తేడా కనబడింది. నలభై వేగానికి నా సూత్రం పద్దెనిమిది మీటర్లు వదలమంటుంది. వీడు బస్సు వెనక ఆరే వదులుతున్నాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి గేటు దగ్గర నిలదీశాను.

“పద్దెనిమిదా? అంత ఇడిస్తే ఆ సందులో ఇంగో రెండు ఆటోలు దూరతాయక్కా. బస్సులో ఎక్కలేక మిగిలినోళ్లే కదా మాకు! కూరగాయలమ్మే కొండమ్మ గంపెత్తుకోని వాళ్ల బండెక్కుతాది. నేను ఖాళీ బండి తోలుకోని రావాల.”

నా సమీకరణంలో పక్కనుంచి ఎవరూ దూరరు, గంపతో ఎవరూ చెయ్యెత్తరు. మా గైడు కాశీవిశ్వనాథం గారికి మాత్రం ఆ అంకెలు చూసి పండగే. “ఇంత దగ్గరి ఎడాలు ఎవరి దగ్గరా లేవమ్మా” అన్నారు. ఒళ్లు మండింది. పండగ ఆయనది, తమ్ముడు నావాడు.

ఫోన్ చేసి తిడదామంటే అదీ కుదరదు. నాయన పోయినరోజు ఎన్నిసార్లు చేసినా వాడు బండి తోలుతూ ఎత్తలేదు. కడసారి చూపు దక్కలేదు. అప్పటినుంచి నా పేరు కనబడితే చాలు, ఎక్కడున్నా ఎత్తుతాడు. నేనేమో తెలివి లేకుండా రోజూ పదింటికి చేసి, నా దగ్గరే ఉంటున్న అమ్మ మందులు మింగిందని చెప్పేదాన్ని. నిన్న చూశాను. వాడు ఫోన్ ఎత్తగానే ఆరు కాస్తా మూడైంది. ఇక చేయనని ఒట్టు పెట్టుకున్నాను.

ఈరోజు పది దాటింది. తెర మీద ఏడు, తర్వాత ఐదు. వేగం నలభై రెండు. ఆ వేగంలో బండి సెకనుకు పదకొండు మీటర్లు పైనే పోతుంది. ఫోన్ బోర్లించి “ప్రభువా” అన్నాను. నా చదువంతా అక్కడికే వచ్చింది.

ఫోన్ మోగింది. యెషయా.

“ఏందక్కా, ఈ పొద్దు ఫోన్ చేయలేదే? అమ్మకు బాగుందా?”

“ముందు బండి ఆపురా!”

“యాడ ఆపేది, బస్సు ఎంటే పోతాండా. అమ్మకేమన్నా అయ్యిందా?”

భయపడి కట్ చేశాను. అమ్మ బాగుందని చెప్పలేదే అని కట్ చేశాకే తట్టింది.

ఫోన్ మళ్లీ మోగుతోంది. తెర మీద మూడు.