శుభ్రమైన రికార్డింగు

దైవాధీనం గొంతులో పుండు ముదిరిపోయింది. స్వరపేటిక తీసెయ్యాల్సిందేనని విశాఖపట్నం డాక్టర్లు తేల్చేశారు. ఆపరేషన్ అయ్యాక ఇక మాట రాదు.

హుకుంపేట దగ్గర కొండమీది చర్చిలో ఏళ్ల తరబడి గిటారు వాయించిన మనిషి, ఇంట్లో ఫోను ముందుపెట్టి ఏదైనా మాట్లాడమంటే మాత్రం కసిరేవాడు. "బతికుండగానే నా మాటలు మూటగడతారేటి?" అనేవాడు. కానీ గిటారు చేతికొస్తే చాలు, తనకే తెలియకుండా పాటని లోగొంతుకతో పాడుకుంటాడు. ఆ లోగొంతుక కోసమే భార్య సవరమ్మ కొడుకుని రికార్డు చెయ్యమని బతిమాలింది.

కొడుకు ఎడ్విన్ అరకులో పెళ్లిళ్లకీ సభలకీ సౌండు పెడతాడు. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే రకం.

"ఆ డబ్బా ముందర మైకెట్టు నాయినా. సర్సిలో అలాగే ఎడతారు కదా," అంది సవరమ్మ, గిటారు మోత వచ్చే స్పీకరు డబ్బా, ఆంప్‌ని చూపిస్తూ.

"మైకెడితే రేకుల మీద వాన, కోళ్లు, అయ్య దగ్గు అన్నీ పడిపోతాయమ్మా. ఆంప్ ఎనకాల లైన్ అవుట్ అని వైరు గుచ్చే కన్నం ఉంది. అక్కడ్నించి వైరు లాప్‌టాప్‌కి ఇచ్చేత్తే పాట సుబ్బరంగా వత్తాది. నీకేటి తెల్సు?"

ఆవిడ గిటారు తెచ్చి మొగుడి చేతికిచ్చింది.

దైవాధీనం వాయించాడు. తీగలతోపాటు బొంగురుపోయిన గొంతు సన్నగా సాగింది. ఎదురుగా కూర్చున్న తండ్రి పాట వినడానికి హెడ్‌ఫోన్లెందుకని ఎడ్విన్ పెట్టుకోలేదు. తెరమీద గీతలు లేస్తుంటే అంతా పడుతోందనుకున్నాడు. ఏడుపు ఆపుకోవడంలోనే వాడి తెలివంతా అయిపోయింది.

ఆపరేషనై ఇంటికొచ్చాక, ఒక సాయంత్రం సవరమ్మ ఆ పాట పెట్టమంది. ఎడ్విన్ పెట్టాడు. గిటారు ఒక్క మరక లేకుండా మోగింది. పల్లవి అయింది, చరణం అయింది.

"మీ అయ్య ఏడిరా?"

ఎడ్విన్ సౌండు పెంచాడు. తీగలే ఇంకా పెద్దగా మోగాయి. ఆ వైరు గిటారుని మోస్తుంది గానీ మనిషిని మోయదు. పెళ్లిళ్లలో రోజూ చూసే సంగతే. పాపిష్టివాడు, ఆ ఒక్క రోజే మరిచాడు.

"ఏదిరా పాట?" సవరమ్మ స్పీకరుకి చెవి ఆనించి మళ్లీ అడిగింది.

తను పాడానని దైవాధీనానికి ఏనాడూ తెలియదు. భార్యకి పాట గుర్తు రావడం లేదేమోననుకున్నాడు. కట్టు కట్టిన మెడతో ముందుకు వంగి, ఆ పాట మాటల్ని ఒక్కొక్కటే పెదాలతో ఆవిడకి అందించసాగాడు.