దండెం మీది అంగి

"వసంతా! ఓ వసంతా! గా పిల్ల మళ్ళ మీ నాయిన అంగి కాడ నిలవడ్డది, సూడు!"

సుమిత్ర బట్ట నేసే సాంచాల షెడ్డులోంచే కేక వేసింది. చేతిలో కండె తిరుగుతూనే ఉంది, కళ్ళు మాత్రం కిటికీ దాటి వాకిట్లో దండెం మీద ఉన్నాయి.

వసంత పొయ్యి దగ్గర నుంచి లేచి తొంగి చూసింది. మారిసెల్ తన ముద్దబంతి రంగు కుర్తాను దులిపి ఆరేస్తోంది.

"బట్టలారేస్తుందమ్మా. నిలవడక ఎగురుతదా?"

"ఆరేసుడైతే ఆరెయ్యాలె. పక్కపొంటి అంగిని గంతసేపు జూసుడెందుకు?"

మారిసెల్ ఫిలిప్పీన్స్‌లో కాలేజీ పిల్ల. ఇంటర్న్‌షిప్ అని ఒక సంస్థ ఆమెను రెండు నెలలకు తంగళ్ళపల్లి పంపింది. పొద్దున మహిళా సంఘాలతో పని. మిగతా వేళంతా సుమిత్ర ఇంట్లో ఇంటిమనిషిలా బతకాలి. ఇక్కడి కారం తినాలి, ఇక్కడి మాట మాట్లాడాలి, తన బట్టలు తనే ఉతుక్కోవాలి. సుమిత్రకు ఇది మొదటినుంచీ మింగుడు పడలేదు. "బట్టలుతుకుడు నేర్సుకోను విమానమెక్కి అస్తరా ఎవలన్న? ఇందుల ఏదో ఉన్నది" అని వచ్చిన రోజే అంది.

ఆ వాడకట్టులో గల్ఫ్‌కు పోయినవాళ్ళ అంగీలను ఇంటివాళ్ళు వారం వారం ఉతికి ఆరేస్తారు. దూరాన ఉన్న మనిషికి ఇల్లు యాదికొస్తే చాలు, ఆకు కదలని ఎండలో కూడా ఆ అంగి నిండుతుంది. భుజాలు లేస్తాయి, ఛాతీ ఉబ్బుతుంది, చేతులు తమ గడప వైపు తిరుగుతాయి. "ఇయ్యాల మీ శ్రావణ్‌కు ఇంటి కూర మీదికి మనసు పోయినట్టుంది" అనుకుంటూ ఆడవాళ్ళు బిందెలెత్తుకుని పోతారు. అంగి నిండిన ఇంట్లో మగమనిషి ఉన్నట్టే లెక్క. ఆయన నోటి మాట రానిదే పెళ్ళి గానీ పయనం గానీ ఖాయం చెయ్యరు. మనిషి ఇంటిని మరిచి అంగి వాలిపోయిన ఇంట్లో మాత్రం ఆడమనిషి మాటే మాట. కానీ ఆ పెద్దరికం కోసం ఎవరూ ఆశపడరు. ఆ ఇంటి ముందు నుంచి పోయేటప్పుడు నలుగురూ గొంతు తగ్గిస్తారు మరి.

సుమిత్ర పెనిమిటి భూమన్న మస్కట్‌లో ఉంటాడు. ఆయన నీలిగీతల అంగి వాడకట్టులో అన్నిటికంటే నిండుగా కనిపించేది. ఆ నిండుతనం ఎక్కడిదో సుమిత్రకు ఒక్కదానికే తెలుసు. నిరుడు ఫోన్లు తగ్గాయి, తర్వాత ఆగిపోయాయి, అంగి వాలిపోయింది. అప్పటినుంచి ఆమె అందరికంటే ముందు లేచి, సాంచాల కింద రాలిన దూదిని ఒళ్ళో వేసుకొచ్చి అంగిలో కుక్కి గుండీలు పెడుతోంది.

అందుకే మారిసెల్ దండెం వైపు చూసినప్పుడల్లా సుమిత్ర షెడ్డులోంచి కేక వేస్తుంది.

పక్కింటి నర్సవ్వ ఊరుకోదు. "సుమిత్రా, గీ పిల్ల బట్టలు సూసినవా? అచ్చినకాంచి పీనుగు లెక్క ఏలాడుతున్నయ్. సముద్రం దాటొచ్చినా తల్లి యాదికి రాదా? ఏం పిల్లనే ఇది!"

"అదే నాకు సుత అనుమానం అత్తా."

"ఇంకోటి. మస్కట్‌ల సుత ఈళ్ళ దేశపోళ్ళే మస్తుంటరట. దుకాణాలల్ల, దవఖానలల్ల... నవ్వుకుంట మాట్లాడుతరట."

ఆ మాట సుమిత్ర లోపల ముల్లులా దిగింది. ఆ పూట మారిసెల్ పళ్ళెంలో అన్నం పెడుతూ అడగనే అడిగింది. "మీ అమ్మ ఏం జేస్తది?"

"మా అమ్మ దుబాయ్. నేను చిన్న ఉన్నప్పుడు పోయింది. నేను... హాస్టల్, హాస్టల్" అని మారిసెల్ తనకొచ్చిన తెలుగులో చెప్పి, ఇంకొంచెం పచ్చిపులుసు పోసుకుంది.

'కథలు సెప్పుడు ఎవలికి రాదు' అనుకుంది సుమిత్ర.

ఇంతలో ఇంకో మాట వచ్చింది. ఆ సంస్థవాళ్ళే ఇక్కడినుంచి ఒక పిల్లను అక్కడికి పంపుతారట. సముద్రం ఒడ్డున ఒక పల్లెలో మూడు నెలలు ఉండాలి, అక్కడి ఆడవాళ్ళ సంఘాలతో పనిచెయ్యాలి. వసంతను ఎంచారు. ఆ రోజు నుంచి వసంత కళ్ళల్లో చూడని సముద్రమేదో కదులుతోంది. కానీ నోరు తెరిస్తే ఒకటే మాట. "నాయిన ఒప్పుకోవాలె."

"ఫుకట్‌గ ఎవడు తీస్కపోతడే? మీ నాయినను పంపిన ఏజెంటు సుత మొదలు గిట్లనే నవ్విండు" అంది సుమిత్ర. "ఆయన ఫోన్ జేసేదాక ఊకో. అంగి సూడు, మనమీదనే పానం పెట్టుకున్నడు."

వసంత అంగి వైపు చూసి తలొంచుకుంది. సుమిత్ర మొహం తిప్పుకుంది.

ఒకరోజు అంగి గుండీల సందులోంచి దూది పింజ ఒకటి బయటికొచ్చింది. షెడ్డులోంచి సుమిత్ర చూసి లేచేలోపు మారిసెల్ దండెం దగ్గరికి వచ్చేసింది. వచ్చి, అటూ ఇటూ చూసి, ఆ పింజను వేలితో మెల్లగా లోపలికి నెట్టి, గుండీ సరిచేసి, ఏమీ ఎరగనట్టు బిందె తీసుకుని పోయింది.

సుమిత్ర చేతిలో పోగు తెగింది. తెలిసింది దీనికి! తెలిసీ ఎందుకు చెప్పలేదు? ఎవరికోసం దాస్తోంది? నన్ను ఏం అడుగుదామని?

ఆఖరి వారంలో మారిసెల్ బీడీలు చుట్టే ఆడవాళ్ళ మీటింగ్ ఉందని కోరుట్ల పోయింది. ఆమె కుర్తా దండెం మీదనే ఉండిపోయింది. మర్నాడు ఎండ మీద సంస్థ మేడం నాహీద్ స్కూటీ మీద వచ్చింది.

"సుమిత్రక్కా, ఇయ్యాల జవాబ్ కావాలె. లేకుంటే జగిత్యాల పిల్లకు పోతది గీ చాన్స్. చెప్పు వసంతా, పోతవా?"

వసంత తండ్రి అంగిని చూసింది. నర్సవ్వ తన గడపలో నిలబడి చెవులు రిక్కించింది.

"నాయిన మాట రాలేదు మేడం. ఆయన గట్ల నిలవడి ఉంటే నేనెట్ల పోత? అద్దు. ఆ పిల్లకే ఇయ్యుండ్రి."

నాహీద్ నిట్టూర్చి ఫోన్ తీసింది.

"ఓ సుమిత్రా" అని నర్సవ్వ పిలిచింది. "గా పిల్లకు ఇల్లు యాదికచ్చినట్టుంది."

ముద్దబంతి రంగు కుర్తా నిండుతోంది. ముందు భుజాలు లేచాయి. ఛాతీ ఉబ్బి, తగ్గి, మళ్ళీ ఉబ్బింది, నిద్రపోయే పసిపిల్ల ఊపిరిలాగ. అది ఆ పిల్ల దేశమున్న తూర్పుకు తిరుగుతుందనుకుంది సుమిత్ర. కానీ కుర్తా దండెం మీద మెల్లగా మర్లి, రెండు చేతులూ చాచి, సుమిత్ర వంటింటి గడప వైపు నిలబడింది.

దాని పక్కన భూమన్న అంగి గట్టిగా, బిర్రుగా, కదలకుండా ఉంది. ఇన్నాళ్ళూ పక్కన ఊపిరి పీల్చే అంగి లేక ఎవరికీ తేడా తెలియలేదు. వసంత ఒకసారి దీన్ని, ఒకసారి దాన్ని చూసింది. ఆ తర్వాత తల్లి మొహం చూసింది.

"ఫోన్ జెయ్యకు మేడం, ఆగు" అంటూ సుమిత్ర వాకిట్లోకి నడిచింది. నర్సవ్వ చూస్తుండగానే అంగి గుండీలు ఒక్కొక్కటే విప్పింది. దూది తెల్లగా ఆమె కాళ్ళ మీద రాలింది.

"అమ్మా..." అంది వసంత.

"నిరుటి సంది ఇది ఖాళీగనే ఉన్నది బిడ్డా. నేనే కుక్కుతున్న. గా పిల్లకు తెలుసు, అయినా కడుపుల పెట్టుకున్నది. నేనేమో దాన్ని దొంగను జూసినట్టు జూసిన." సుమిత్ర ఖాళీ అంగిని దండెం మీంచి లాగి చంకలో పెట్టుకుంది. "ఇగ ఈ ఇంట్ల మాట నాది. నువ్వు పో. ఏజెంటు గీజెంటు అని ఊకెనే అన్న. నా భయం, నా బుగులు గది కాదు. నువ్వు సుత పోయినంక, నీ డ్రెస్సు గీ దండెం మీద ఉత్తగనే ఏలాడుతదేమోనని... గదే బిడ్డా నా బుగులు."